ఖైదీ అడిగిన ఫైలు

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చాక మొదటి పీరియడు. నాన్‌డిటైల్డ్ క్లాసు. పుస్తకం చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, కుదించి వేసిన ప్రతి. చర్చి పక్క సమాధుల దొడ్డిలో, అమ్మానాన్నల రాళ్ళ దగ్గర ఏడేళ్ళ పిప్ ఒక్కడే ఉంటాడు. చలి, పొద్దు గూకే వేళ. సమాధుల మధ్య నుంచి ఒక ఖైదీ లేచి వాణ్ణి పట్టుకుంటాడు. ఒంటినిండా బురద, కాలికి ఇనప సంకెల. తినడానికేమైనా తెమ్మంటాడు. దాంతోపాటు ఒక ఫైలు తెమ్మంటాడు. తేకపోతే గుండె, కార్జం పీకి తింటానంటాడు.

మాస్టారు అక్కడ ఆపి, “ఫైలు ఎందుకడిగాడ్రా?” అన్నారు.

మూడో బెంచీ కుర్రాడు లేచి, “కోర్టు కాయితాలు పెట్టుకోడానికండీ” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మా అందరి మనసులో ఉన్నదీ అదే. ఫైలంటే అట్టకు తాడు కట్టిన కాయితాల కట్ట. తాసిల్దారాఫీసులో ఉండేది. ఖైదీ అన్నాక కోర్టు కేసుంటుంది, కేసన్నాక ఫైలుంటుంది. లెక్క సరిపోయింది కదా! మాస్టారు కూడా నవ్వలేదు, కోప్పడలేదు. పుస్తకం మూసేసి “రేపు చెబుతాను” అన్నారు.

మర్నాడు ఆయన చేతిలో గోనెగుడ్డ చుట్ట ఉంది. బల్ల మీద పెట్టి విప్పారు. లోపల ఆకురాయి. బస్టాండు వెనక కొలిమిలో అడిగి తెచ్చారట. కర్ర పిడి చెమటకు నల్లబడి ఉంది. ఉక్కు మీద అడ్డంగా, ఐమూలగా సన్నటి గాట్లు, వాటిలో ఇనప రజను. జేబులోంచి ఒక పాత మేకు తీసి ముందు బెంచీ అబ్బాయికిచ్చి రాయమన్నారు. గరగరమని చప్పుడు. పళ్ళు జివ్వుమన్నాయి. మేకు మీద తెల్లటి గీత తేలింది. ఆకురాయి బెంచీ బెంచీకీ తిరిగి ఆడపిల్లల వరసకు కూడా వెళ్ళింది. అందరి చేతులకూ ఇనప వాసన అంటుకుంది.

“ఇదీ వాడడిగిన ఫైలు. ఇప్పుడు చెప్పండి, ఎందుకడిగాడు?”

“సంకెల కోసుకోడానికండీ!” క్లాసంతా ఒకేసారి అరిచింది.

ఆయన పుస్తకం తెరిచి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. ఆ రోజు ఆ చలి మాకు తెలిసింది. ఇంట్లో కొలిమి సామాన్లలోంచి ఆకురాయి దొంగిలించి, తెల్లవారుజామున మంచులో పరిగెత్తిన పిల్లాడి భయమూ తెలిసింది. వాడి బావ జో కమ్మరి. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు... ఒక్కొక్క ఇంగ్లిష్ మాటకూ మా ఊళ్ళో ఒక వస్తువు దొరుకుతూ వచ్చింది. అవి ఊరి చివర రోజూ కనిపించేవే. వాటికి ఇంగ్లిష్‌లో కూడా పేర్లుంటాయని మాకు అప్పటిదాకా తట్టలేదు.

నిలువు గీత నోట్సు

తెలుగునాట ఇంటర్, డిగ్రీ చదివినవాళ్ళకు డిటైల్డ్, నాన్‌డిటైల్డ్ అన్న మాటలు వివరించక్కర్లేదు. డిటైల్డ్‌లో పద్యాలు, వ్యాసాలు. వాటికి అనొటేషన్లు రాయాలి. నాన్‌డిటైల్డ్ అంటే కథ తెలుసుకుంటే చాలన్న పుస్తకం. గబగబా చదివించేయాలి. ఎక్కువ క్లాసుల్లో నవల వంతుకొచ్చేది ఈ రెండో రకమే. గబగబా చదివించే పుస్తకంలో కష్టమైన మాటలొస్తే ఏం చేస్తారు? నోట్సు పేజీ మధ్యలో నిలువు గీత కొట్టిస్తారు. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క తెలుగు అర్థం. “మీనింగ్స్ రాసుకోండి” అన్న మాట వినని ఇంగ్లిష్ క్లాసు మన దగ్గర లేదు.

నా వాదన ఆ నిలువు గీతతోనే. తెలుగులో అర్థం చెప్పడం తప్పని నేననను. ఆకురాయి అన్న తెలుగు మాట లేకపోతే మాకు ఆ అధ్యాయం తెరుచుకునేదే కాదు. గీత చేసే నష్టం వేరు. కథలో పక్కపక్కన ఉన్న మాటల్ని అది విడగొట్టి వరసలో నిలబెడుతుంది. ఫైలు పక్కన సంకెల ఉండదు, సంకెల పక్కన ఖైదీ ఉండడు. పరీక్ష కోసం బట్టీ పట్టిన యాభై మాటలు పరీక్ష అయిన వారానికే పోతాయి. కథలో తగిలిన మాట పోదు. అది వాక్యంలో ఎక్కడుందో, ఎవడు అన్నాడో, ఎందుకన్నాడో కలిసి గుర్తుంటుంది. క్లాసిక్ నవలను క్లాసులో చదివించడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

మొన్న మా మేనకోడలి పుస్తకాల్లో ఒక గైడు చూశాను. నవల సారాంశం ఒకటిన్నర పేజీ, పాత్రల గుణగణాలు మూడు పేజీలు, రాబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు. “నవల ఏదే?” అన్నాను. “అది అవసరం లేదు మావయ్యా, ఇందులోంచే వస్తాయి” అంది. తప్పు దానిది కాదు. అది చెప్పింది నిజం. అందులోంచే వస్తాయి.

ఢాకాలో మొదలైన కుదింపు

ఇలా కుదించి, సులభం చేసి నవలను పిల్లల చేతికివ్వడం వెనక ఒక మంచి ఆలోచన ఉంది. అది పుట్టింది మన ఉపఖండంలోనే. 1920ల్లో మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిష్ విద్యావేత్త ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీ నడిపేవారు. బెంగాలీ పిల్లలు ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ నేర్చుకుంటున్నా ఒక పుస్తకం తీసి సొంతంగా చదువుకోలేకపోవడం ఆయన్ను కలచివేసింది. పాఠ్యపుస్తకాలు చూస్తే ప్రతి వాక్యంలోనూ తెలియని మాటలే. పిల్లాడు ఒక మాట దగ్గర తడబడి లేచేసరికి ఇంకో మాట తగులుతోంది. అందుకని ఆయన పాతబడ్డ మాటలు, అరుదైన మాటలు తీసేసి, ఇంచుమించు యాభై మాటలకొక కొత్త మాట తగిలేలా కథల్ని తిరగరాశారు. ఆ మార్గంలోనే తర్వాత ఎన్నో క్లాసిక్ నవలలు లెక్కపెట్టిన మాటలతో పొట్టి పుస్తకాలయ్యాయి. 1953లో వెస్ట్ వెలువరించిన సుమారు 2,000 మాటల జాబితా ప్రపంచమంతటా ఇంగ్లిష్ పంతుళ్ళకు దారి చూపింది.

వెస్ట్ లెక్క తప్పు కాదు. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో చెప్పిన అంచనా చూడండి. ఒక నవలను ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే అందులోని మాటల్లో 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అందుకు ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు రావాలి. పద కుటుంబమంటే మూలమాటా, దాని పిల్లమాటలూ కలిపి. ఈ లెక్కన చూస్తే మన ఇంటర్ పిల్లాడు డికెన్స్ అసలు ప్రతిని ఒంటరిగా చదవలేడు. లండన్‌లో పుట్టిన ఈనాటి పిల్లాడికైనా అది కష్టమే.

కానీ వెస్ట్ ఆ పొట్టి పుస్తకాలను నిచ్చెన మెట్లుగా తయారుచేశారు. పిల్లాడు ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి అసలు పుస్తకం అందుకోవాలి. మనం మొదటి మెట్టు మీదే కుర్చీ వేసుక్కూర్చున్నాం. తర్వాత మెట్టును కూడా తీసేసి గైడు పెట్టాం. ఒంటరిగా చదవలేనిది కాబట్టే క్లాసు ఉంది, మాస్టారున్నారు. కుదింపు ప్రతి చదివించినా, కనీసం నాలుగైదు అధ్యాయాలు అసలు ప్రతిలోంచి గట్టిగా చదివి, మాట మాటా విప్పి చెప్పే బాధ్యత అక్కడుంది.

చేయి చేసుకున్న అక్క

ఆ విప్పడంలో ఎంత రుచి ఉందో కొన్ని మాటలు తీసి చూపిస్తాను.

పిప్‌ను పెంచింది వాడి అక్క. తమ్ముణ్ణి తన చేత్తో పెంచానని ఊరంతా చెప్పుకుంటుంది, ఊరూ మెచ్చుకుంటుంది. ఆనాటి ఇంగ్లిష్‌లో చేత్తో పెంచడమంటే తల్లిపాలు లేని బిడ్డను గిన్నెతో, చెంచాతో, సీసాతో పాలు పట్టి బతికించడం. మన ఉగ్గుగిన్నె పెంపకం అన్నమాట. అలా పెరిగే పసికందులు చాలామంది దక్కేవారు కాదు, అందుకే ఆమెకంత గొప్ప. పిప్‌కు ఆ సంగతి తెలియదు. వాడికి తెలిసిన అక్క చేయి బరువైనది, వీపు మీద పడేది. కాబట్టి చేత్తో పెంచడమంటే అదే కాబోలనుకుంటాడు. ఈ రెండర్థాల ఆటను తెలుగులోకి తేవడం ఎలాగని తల బాదుకోనక్కర్లేదు. మనకు ‘చేయి చేసుకోవడం’ ఉంది. చేతులారా పెంచిన అక్క అస్తమానం చేయి చేసుకునేదని చెబితే చాలు, క్లాసు మొత్తానికి ఒక్క క్షణంలో అందుతుంది. నవ్వూ వస్తుంది, ఆ వెంటనే పిల్లాడి మీద జాలీ కలుగుతుంది. డికెన్స్ కోరుకున్నది సరిగ్గా ఆ వరసే.

ఇక పేరులోనే ఉన్న ఎక్స్‌పెక్టేషన్స్. నిఘంటువు తీస్తే ఎదురుచూపు, నిరీక్షణ, ఆశ అని కనిపిస్తుంది. ‘గొప్ప ఆశలు’ అని రాసుకుని వెళ్ళిపోతాం. డికెన్స్ కాలంలో ఆ మాటకు లాయర్ల నోట ఇంకో అర్థం ఉండేది. ఎవరో పోయాక చేతికి రాబోయే ఆస్తి. లండన్ నుంచి జాగర్స్ అనే లాయరు జో ఇంటికొచ్చి ఈ కమ్మరి కుర్రాడికి గొప్ప ఎక్స్‌పెక్టేషన్స్ ఉన్నాయని చెప్పినప్పుడు అక్కడున్నవాళ్ళకు తట్టింది ఆస్తే. మన పెళ్ళి సంబంధాల్లో “పిల్లాడికి మేనత్త ఆస్తి కలిసొస్తుందండీ” అంటారే, ఆ కలిసిరావడమే ఇది. ఈ అర్థం తెలిస్తే నవల పేరు రెండు వైపులా మెరుస్తుంది. ఆస్తీ ఉంది, ఆశా ఉంది. డబ్బు ఎవరిదో తెలిసిన రోజున రెండూ కూలతాయి. ఒక్క మాటకు ఒక్క అర్థమే రాసుకున్న పిల్లాడికి సగం నవల అందకుండా పోయినట్టే.

పిప్‌ను కమ్మరి పనికి కుదర్చడానికి మిస్ హావిషామ్ అనే ధనవంతురాలు ఇరవై అయిదు గినీలిస్తుంది. గినీ అంటే ఎంత? ఒక పౌను మీద ఒక షిల్లింగు, అంటే 21 షిల్లింగులు. ఈ కథ అచ్చవుతున్న నాటికి గినీ నాణెం చెలామణిలో లేదు, లెక్కలో మాత్రం మిగిలింది. లాయరు ఫీజు, డాక్టరు ఫీజు, మర్యాదస్తుల మధ్య ఇచ్చిపుచ్చుకునే సొమ్ము గినీల్లో చెప్పేవారు. వంద కాకుండా నూటపదహార్లు చేతిలో పెట్టే మనకు ఆ పైనున్న షిల్లింగు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఖైదీ మాగ్విచ్‌కు పడిన శిక్షను ఇంగ్లిష్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ అంటారు. ఈ తరం పిల్లలకు ఆ మాట వినగానే లారీ గుర్తొస్తుంది. మన పాత కోర్టు తెలుగులో దానికి దీటైన మాటుంది: ద్వీపాంతర శిక్ష. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని పంపింది అండమాన్‌కు, మాగ్విచ్‌ను పంపింది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్‌వేల్స్‌కు. రెండు చోట్లా పంపింది ఒకటే ప్రభుత్వం. ఈ ముక్క చెప్పిన రోజున మా క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంతకుముందు ఖైదీలను ఉంచే పాడుబడ్డ ఓడలను హల్క్స్ అనేవారు. అవి 1776లో మొదలై 1857లో పోయాయి. అంటే 1860లో ఈ నవల చదివిన లండన్ పాఠకుడికి కూడా అది అప్పటికే గతించిన కాలపు మాట. పాతమాటకు అర్థం అడగాల్సి వచ్చిందని మన పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

జెంటిల్మన్ అన్న మాట దగ్గర మాత్రం మాస్టారు చిక్కుల్లో పడ్డారు. “పిప్ పెద్దమనిషి కావాలనుకున్నాడు” అన్నారు. ఆడపిల్లల వరసలో కిసుక్కుమన్నారు. తర్వాత మొత్తం క్లాసు. మన తెలుగులో పెద్దమనిషి కావడమంటే ఏమిటో అందరికీ తెలుసు కదా! ఆయనా నవ్వేసి, బోర్డు మీద నాలుగు మాటలు రాశారు: దొర, బాబు, మర్యాదస్తుడు, పెద్దమనిషి. “వీటిలో జో ఏమవుతాడు? లాయరు జాగర్స్ ఏమవుతాడు? పిప్‌కు ఏది కావాలి?” ఆ పీరియడంతా దాని మీదే. పిప్ దొర కావాలనుకున్నాడు. బాబు అయ్యాడు. బట్టలు మారాయి, నోట్లో కత్తి పెట్టుకుని తినకూడదని నేర్చుకున్నాడు, తనను చూడడానికి లండన్ వచ్చిన బావను చూసి సిగ్గుపడ్డాడు. పెద్దమనిషి ఎవరయ్యా అంటే, చదువురాని కమ్మరి జో. ఈ తీర్పు మాకు గైడు చెప్పలేదు. ఒక్క ఇంగ్లిష్ మాటకు నాలుగు తెలుగు మాటలు పెట్టి తూచుకుంటూ పోతే మేమే అక్కడికి చేరాం.

జాకీ అన్నందుకు

ఆ నవలలో నాకు అన్నిటికన్నా దగ్గరైన చోటు వేరే ఉంది. పిప్ మొదటిసారి మిస్ హావిషామ్ భవంతికి వెళ్తాడు. గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు ఆగిపోయిన ఇల్లు అది. అక్కడ ఎస్టెల్లా అనే అందమైన పిల్లతో పేకాడమంటారు. ఆటలో పిప్ ఒక ముక్కను జాక్ అంటాడు. ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది. గొప్పింటివాళ్ళు దాన్ని నేవ్ అంటారు, జాక్ అనేది పనివాళ్ళ మాట. ఆ తర్వాతే వాడి మోటు చేతులు, వాడి మొద్దు బూట్లు ఆమె కంటపడతాయి. వాటికి మొదటిసారి వాడు సిగ్గుపడతాడు. ముందు మాట, తర్వాత చేతులు, తర్వాత బూట్లు. ఒక్క మాటతో ఒక మనిషిని ఎలా కిందకు దించవచ్చో డికెన్స్ ఒక్క పేజీలో చూపించారు.

‘ఇస్కూలు’ అన్నందుకు, ‘వెడ్నెస్ డే’ అని అక్షరం అక్షరం పలికినందుకు పదిమందిలో నవ్వులపాలైన తెలుగు పిల్లలు ఎంతమంది! నేను చదివిన మరో చోట ఒక టీచరు నా చేత ఒకే మాట పదిసార్లు పలికించి క్లాసును నవ్వించారు. ఆ తర్వాత ఏడాది పాటు ఇంగ్లిష్ పీరియడులో నేను నోరు విప్పలేదు. ఎస్టెల్లా నవ్విన పేజీ చదివిన రోజున నాకు తోడు దొరికింది. అదీ ఇంగ్లిష్‌వాడే! ఇంగ్లిష్ దేశంలో పుట్టి, ఇంగ్లిషే మాట్లాడి, ఇంగ్లిష్ మాట తప్పన్నారని అవమానపడ్డ పిల్లాడు.

దీనికొక ముక్తాయింపు ఉంది. పేక ముక్కల మూలల్లో అక్షరాలు వేయడం 19వ శతాబ్దం రెండో సగంలో వాడుకలోకి వచ్చింది. నేవ్‌కు వేసే అక్షరాలు కింగ్‌కు వేసే అక్షరంతో కలిసిపోయి తికమక అవుతుంటే, జాక్ అన్న పేరునే ఖాయం చేశారు. ఈ రోజు ఏ ఇంగ్లిష్ పేక కట్ట తీసినా మూలలో ఉన్నది పిప్ అన్న మాటే. సంక్రాంతి పండగకు మన అరుగుల మీద “జాకీ పడిందిరా” అని అరిచేదీ ఆ మాటే. ఎస్టెల్లా మాట పోయింది, కమ్మరింటి మాట నిలిచింది.

నవలలో ఉన్న బడి

‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చదువు గురించిన నవల కూడా. దీన్ని పరీక్షల్లో ఎవరూ అడగరు గానీ, క్లాసులో చదివించడానికి ఇంతకన్నా తగిన పుస్తకం నాకు కనబడదు. ఊళ్ళో ఒక ముసలమ్మ సాయంత్రం బడి నడుపుతుంది. తలకు వారానికి రెండు పెన్నీలు. పిల్లలు వచ్చి కూర్చోగానే ఆవిడ నిద్రపోతుంది. ఈ నవల సీరియల్‌గా వచ్చిన వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ వెల కూడా రెండు పెన్నీలే. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం 36 భాగాలుగా వచ్చింది. అప్పట్లో వేరొకరి సీరియల్ చప్పగా నడిచి పత్రిక అమ్మకాలు పడిపోతుంటే, డికెన్స్ తన నవలతో స్వయంగా రంగంలోకి దిగి పత్రికను నిలబెట్టారు. సీరియళ్ళ కోసం వారపత్రిక రాక కనిపెట్టుకుని ఉన్న తెలుగు ఇళ్ళకు ఆ ఉత్కంఠ కొత్త కాదు.

ముసలమ్మ నిద్రపోతే పిప్‌కు అక్షరాలు నేర్పింది ఆమె మనవరాలు బిడ్డీ. పిప్ పలక మీద తప్పులతడకగా రాసిన మొదటి ఉత్తరం బావ జోకు. పక్కనే కూర్చున్న మనిషికి ఉత్తరం! జో మురిసిపోతాడు. అతనికి చదవడం వచ్చింది ఎంతయ్యా అంటే తన పేరులోని రెండు అక్షరాలు. అవి ఏ పుస్తకంలో కనబడినా అతనికి అది గొప్ప పుస్తకమే. ఖైదీ మాగ్విచ్ చదువు కథ ఇంకా విచిత్రం. బంగాళాదుంపల కింద దాక్కున్న ఒక సైన్యపు పరారీ మనిషి అతనికి చదవడం నేర్పాడు. పెన్నీ తీసుకుని సంతకం చేసి చూపించే సంతల రాక్షసాకారుడొకడు రాయడం నేర్పాడు. బడి మొహం చూడని మనిషి బంగాళాదుంపల కుప్పలోనూ, తిరునాళ్ళలోనూ అక్షరాలు ఏరుకున్నాడు. డికెన్స్‌కూ ఇది తెలియని లోకం కాదు. 1824లో తండ్రి అప్పుల జైల్లో ఉండగా, పన్నెండేళ్ళ వయసులో ఆయన బూట్ల నల్లరంగు కంపెనీలో సీసాలకు చీటీలంటించారు.

చివర్లో పిప్ జబ్బుపడి లేవలేని స్థితిలో ఉంటే, తాను చిన్నచూపు చూసిన ఆ బావే వచ్చి సేవ చేస్తాడు. ఒకరోజు పిప్ కళ్ళు తెరిచి చూస్తే జో బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. ఈలోగా బిడ్డీ అతనికి రాయడం నేర్పింది. కలం పెట్టెలోంచి పెద్ద పనిముట్టు ఏరుకున్నట్టు కలాన్ని ఏరుకుంటాడు. గడ్డపార పట్టబోతున్నట్టు చొక్కా చేతులు పైకి మడుస్తాడు. మోచేయి బల్లకు గట్టిగా ఊనుకుంటే గానీ అక్షరం పడదు. సిరాబుడ్డి లేనిచోట కలం ముంచి, సిరా అందిందని తృప్తిపడతాడు. సమ్మెటతో ఇనుమును వంచిన చేయి అది. ఈ పేజీ చదువుతూ మా మాస్టారు గొంతు సవరించుకున్నారు. వయోజన విద్య క్లాసులో లాంతరు ముందు వేలిముద్ర మానేసి సంతకం దిద్దుకున్న తల్లి ఇంట్లో ఉన్న పిల్లలు, పేజీ అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

రాజమండ్రిలో ఒక పాఠకుడు

ఒక ఇంగ్లిష్ నవలను తెలుగువాడు నిజంగా చదివితే ఏమవుతుందో మన సాహిత్యంలోనే ఉంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ 1766లో వచ్చింది. దాని ప్రేరణతో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటించారు. అక్కడి పాదిరీ కుటుంబం ఇక్కడ ధవళేశ్వరం బ్రాహ్మణ కుటుంబమైంది. అక్కడ ఆయన సొమ్ము వ్యాపారి పరారీతో పోతే, ఇక్కడ బంగారం చేసిస్తానన్న బైరాగి చేతిలో పోయింది. చదివిన నవలను వీరేశలింగం గోదావరి నీళ్ళలో ముంచి తీశారు. అదే పుస్తకం ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లిష్‌లోకి వెళ్ళి 1887లో లండన్‌లో అచ్చయింది. ఇచ్చిన భాషకే తిరిగి వెళ్ళింది.

అదొక్కటే కాదు. పిల్లలకు ఇంగ్లిష్ ఎలా చెప్పాలి, వాడుక మాటతో మొదలుపెట్టాలా అన్న చర్చ ఉత్తరాంధ్ర బడుల్లో సాగినప్పుడు, జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లిష్ స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు తెలుగు పాఠాల భాష గురించి కూడా ప్రశ్నలు లేవనెత్తారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు కలిసి నడిపిన వాడుక భాష ఉద్యమానికి అక్కడ ఒక వేరుంది. మనం ఈ రోజు పత్రికలో రాస్తున్న ఈ తెలుగుకు దారి వేసినవాటిలో ఒకటి ఇంగ్లిష్ క్లాసు. రెండు భాషలూ ఒకదాన్నొకటి తినేస్తాయని భయపడేవాళ్ళు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం పెరిగింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఇస్తున్నారు. సైన్సుకు, సాంఘికానికి అది మంచి ఊతం. ఇంగ్లిష్ క్లాసులోకి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల తెలుగు మాట వినబడితే జరిమానా. నన్నడిగితే ఇది తలకిందుల పద్ధతి. తెలుగు తెలిసిన మాస్టారే ఆకురాయి తేగలరు, చేయి చేసుకోవడం గుర్తుచేయగలరు, నూటపదహార్లతో గినీని తూచగలరు. పిల్లాడి దగ్గరున్న మాటల్ని గుమ్మం బయట వదిలి రమ్మంటే వాడు ఖాళీ చేతులతో లోపలికొస్తాడు.

పరీక్ష పేపరు తయారుచేసేవారికి కూడా ఒక మాట. గైడులో దొరకని ప్రశ్న ఒక్కటి అడగండి. మార్కులు రెండే ఇవ్వండి, పరవాలేదు. ఖైదీ ఫైలు ఎందుకడిగాడు, జాక్ అన్నందుకు పిప్ ఎందుకు సిగ్గుపడ్డాడు, ఇలాంటిది. ఆ రెండు మార్కుల కోసమైనా కాలేజీల్లో నవల తెరుస్తారు.

ఇంగ్లిష్ మాస్టార్లకు, టీచరమ్మలకు నాదొక మనవి. డికెన్స్ 1870లో పోయారు, ఆయన రచనల మీద ఎవరికీ కాపీరైటు లేదు, నవల ఫోనులోనే ఉచితంగా దొరుకుతుంది. మొత్తం 59 అధ్యాయాలు. మొదటిది గట్టిగా చదివితే పావుగంట పడుతుంది. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఈ ఏడాది ఒక్క పీరియడులో ఆ పావుగంట మీ పిల్లలకు చదివి వినిపించండి. కాలేజీకి వెళ్ళే దారిలో ఇంకా కొలిమి మిగిలి ఉంటే, ఆగి ఆకురాయి అడిగి పట్టుకెళ్ళండి.